కొండెక్కాల్సిన దీపం

రెండో కిక్కుకే లేచింది.
మల్కాపురం సందంతా నీలిపొగ, ఆయిలు కమురు.
మేడ మీద ఆరేసిన బట్టలు లాక్కుంటూ
సింహాద్రమ్మగారు ఏదో తిట్టారు, వినపడలేదు.
నేను హెడ్‌లైటు డూము మీద
కందిగింజంత ఎర్ర దీపాన్నే చూస్తున్నాను.
రేజు చేస్తే అది ఆరాలి.
చేశాను.
ఇంకా చేశాను.
ఇంకా ఎర్రగా చూసింది.

దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి
అని చిన్నప్పుడు మా అమ్మమ్మ నెత్తిన మొట్టేది.
ఈ ఒక్కటీ కొండెక్కాలనే నా కోరిక.
ఇది వెలుగుతోందంటే
బ్యాటరీ తన ఒళ్ళు కరిగించుకుని బండిని లాగుతోందని.
సింధియా దాకా వెళ్తుంది.
తోసుకుంటూ రావాలి.

ముందు ఎర్తు మీద పడ్డాను.
ఈ ఊళ్ళో ఏది చెడినా మొదటి ముద్దాయి ఉప్పు.
గేటు గొళ్ళాల్నీ, ఫ్యాను కొక్కేల్నీ,
మా షిప్‌యార్డు క్రేను కీళ్ళనీ నాకే గాలి
ఆరు వోల్టుల ఎజ్డీని వదుల్తుందా?
బోల్టు విప్పితే పచ్చటి చిలుము,
తోమని చెంబు అడుగులా.
మెరిసేదాకా గీకాను.
దీపం వెలుగుతూనే ఉంది.

తర్వాత బ్రష్షులు.
ఒకటి బాగా అరిగి, స్ప్రింగుకి అందక వేలాడుతోంది.
పూర్ణామార్కెట్టు వెనక కొట్లో దొరికినవి ఏ బండివో,
గచ్చు మీద రుద్ది రుద్ది సరిపెట్టాను.
కమ్యుటేటరు గాళ్ళలో మసి చీపురుపుల్లతో తీశాను,
ఆదివారం పూట, గంటన్నర,
ఎవరిదో పిల్లాడికి చెవి శుభ్రం చేస్తున్నట్టు.
మీటరు పెట్టాను.
సున్నా కూడా కాదు. సున్నా పక్కన చిన్న వణుకు.

దాలయ్య మేస్త్రికి ఫోను.
కంచరపాలెంలో మనిషి, కంటి ఆపరేషనై పడుకున్నాడు.
"వైండింగు తెగిందేటి?"
లేదు మావా.
"ఎన్నాళ్ళు పడుంది బండి?"
తుపానుకి అప్పలకొండ షెడ్డు కూలినప్పట్నుంచి.
కాసేపు ఫోన్లో ఏమీ లేదు.
"అయితే మర్సిపోనాదిరా."
ఏటి మర్సిపోనాది?
"ఇనప దిమ్మలో రవ్వంత అయస్కాంతం మిగిలుంటాది.
దాంతోటే మొదలెడతాది డైనమో.
ఏళ్ళకేళ్ళు తిప్పకపోతే అదీ పోద్ది.
కటౌట్ పాయింట్లు ఒక్క చిటికె నొక్కొదులు.
బ్యాటరీయే గుర్తు సేస్తాది.
ఎక్కువ నొక్కినావా, కాలి సస్తాది."

ముప్ఫై ఏళ్ళ ఎలక్ట్రీషియన్ని.
కరెంటు పుట్టడానికి ముందే
కొంచెం ఏదో ఉండి తీరాలని
పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను,
ఎప్పుడూ నమ్మలేదు.
మా ఇంట్లో పెరుగు అడుగంటిన రోజు
గిన్నె పట్టుకుని వెళ్ళేది ఈ సింహాద్రమ్మగారింటికే.
చెంచాడు తోడు.
అది లేకపోతే ఎన్ని పాలు కాచినా పాలే.

తుపాను వారం గుర్తుంది.
చీకట్లో వీధి చివర జనరేటరు చుట్టూ
ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం.
అప్పలకొండ కూడా నిలబడ్డాడు.
రేకుల కింద బండి సంగతి
ఆ వరసలో ఎవరికీ చెప్పలేదు.
తర్వాతా చెప్పలేదు.
నాకు తూకానికి అమ్మేటప్పుడు మాత్రం
ట్యాంకు మీద చెయ్యి వేసి తీశాడు.

పాయింట్ల మీద వేలు పెట్టాను.
చిటుక్కున నీలి రవ్వ, కాలిన వాసన,
వేలు చివర చురుక్కు.
అంతే.
కిక్కు. రేజు.
కందిగింజ మసకబారింది, నారింజ అయింది,
లేదు.
నమ్మక ఆపేశాను. మళ్ళీ కొట్టాను. లేదు.
"ఇంకా ఎంతసేపండీ ఈ గోల?" మేడ మీంచి.
అయిపోయిందండీ అన్నాను. అవలేదు.

మర్నాడు షిఫ్టు దిగాక, మునిమాపు వేళ
యారాడ ఘాటు మీదకి తిప్పాను.
ముందు చక్రం ముందు వెన్నముద్దంత పసుపు వెలుతురు,
ఎడంపక్క కింద హార్బరు లైట్లు ఒకటొకటే.
మూడో మలుపులో ఇంజను గొంతు దిగింది.
డూము మీద ఎర్రటి కన్ను తెరుచుకుంది.
గేరు దించాను.

కొండెక్కింది.