చెవి వెనక ఎముక

డాండెనాంగ్ సౌత్‌లో శనివారం రాత్రి.
టైర్ల గోడౌనుకీ కోళ్ల దాణా మిల్లుకీ మధ్య
స్పిరో షెడ్డొక్కటే మేలుకుని ఉంది.
జూలై చలి. తలుపు సందులోంచి గాలి
అప్పుడే కోసిన దోసకాయలా తగులుతోంది.
"చిక్కటి గాలి," అన్నాడు స్పిరో, మెచ్చుకుంటున్నట్టే.
"ఇంజన్లని చంపేది ఇలాంటి గాలే."

నా కారుని రోలర్ల మీదికి ఎక్కించి
పశువుల డాక్టరు ముందు గేదెని కట్టినట్టు
నాలుగు పట్టీలతో బిగించాడు.
తొంభై మూడు మోడల్ ఆర్ఎక్స్ సెవెన్.
లోపల పిస్టన్లుండవు.
రుబ్బురోట్లో పొత్రంలా గోడని ఒరుసుకుంటూ
మూడు మూలల ఇనుప ముక్క తిరుగుతుంది.
మూలకో సీలు, అగ్గిపుల్లంత మందం.
నా ఏడాది జీతంలో మూడో వంతు
ఆ అగ్గిపుల్లల మీద నిలబడి ఉంది.

వారమంతా నా పని వేరు.
గాజు గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి
"వినపడితే బటన్ నొక్కండి" అంటాను.
మార్చిలో స్పిరోని కూతురు లాక్కొచ్చింది.
నలభై ఏళ్ల టర్బోలు
ఆయన చెవిలో పై స్వరాలన్నీ తినేశాయి.
పిచ్చుకలు లేవు. కెటిల్ ఈల లేదు.
మనవరాలి మాటల్లో 'స' లేదు.
కుడివైపు వెళ్లేకొద్దీ ఆయన గ్రాఫు లోయలోకి జారింది.
వినికిడి మిషను రాసిచ్చాను.
డ్రాయర్లో స్పానర్ల పక్కన పెట్టుకున్నాడు.

ఆ మనిషే ఇప్పుడు
ఇంజన్‌కి తగిలించిన రాగి గొట్టం తాలూకు బాండుని
చెవిలో కాదు, చెవి వెనక ఎముకకి ఆనించుకుని
సీట్లో కూర్చున్నాడు.

నాలుగో గేరు.
తుమ్మబోయి ఆగినట్టు బ్రప్ బ్రప్ బ్రప్,
తర్వాత గొంతంతా ఒకటే తీగ.
రేకులు వణికాయి. టీ కప్పులో వలయాలు.
స్క్రీన్ మీద నా గ్రాఫు కుడివైపు కొండెక్కుతోంది.
బూస్ట్ పధ్నాలుగు దగ్గర ఆగాలి.
పధ్నాలుగు.
పదిహేను.
వేస్ట్‌గేట్ బార్లా తెరిచే ఉంది, అయినా
పదహారున్నర.
నిజం చెప్తున్నా, నాకు ఒళ్లు పులకరించింది.
ఇంకొంచెం, అనుకున్నాను
స్పిరో కాలు తీసేశాడు.

"విన్నావా?"
"లేదు."
నా చెవులు నిఖార్సయినవి. ఏటా పరీక్ష చేయించుకుంటాను.

ఇంజన్ ఆపేసి, రికార్డయింది వెనక్కి తిప్పి
బాండు నా నెత్తిన పెట్టాడు.
హోరు. హోరు. ఆ హోరు అడుగున,
ఎక్కడో పక్కింటి వంటగదిలో,
పోపులో రెండే రెండు ఆవాలు.
చిట్.
చిట్.
మూడోది పేలనివ్వలేదు ఆయన.

తప్పు నాదే. పోయిన నెల లావు సైలెన్సర్ వేయించాను,
కారు సుఖంగా ఊపిరి వదలాలని.
ఎంత తేలిగ్గా వదిలితే అంత ఆబగా పీలుస్తుందట,
తలుపు తీసిపెట్టినా బయటికి పోనంతగా.
స్పిరో షెడ్డు మూలకెళ్లి
నేను పారేయమన్న పాత ఇరుకు సైలెన్సర్
దుమ్ము దులుపుతూ తెచ్చాడు.
ఏమీ అనలేదు. అంటే బావుండేది.

పదకొండుకి బూస్ట్ గీత
పిట్టగోడ మీద పిల్లిలా పధ్నాలుగు దగ్గర సర్దుకుంది.
రెండు వందల యాభై ఎనిమిది కిలోవాట్లు.
నేను ఆశపడింది మూడు వందలు.
కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే నాలుగు మడతలు పెట్టాను.

బెంచీ మీద ఫోను సన్నగా మోగుతోంది.
ఆయన చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.
దెస్పీనా, అని వెలుగుతోంది తెర మీద.
"మీ ఫోను," అన్నాను.
"ఏం?"
నేనే తీసి, స్పీకర్ నొక్కకుండా,
ఆయన చెవి వెనక ఆ ఎముక మీద పెట్టి నొక్కిపట్టాను.
గ్రీజు, చలి, ముసలి చర్మం.
ఆ పిల్ల ఏమందో నాకు వినపడలేదు.
"వస్తున్నా," అన్నాడు స్పిరో.