గేజీ బుక్కు చివరి పేజీ

ఏప్రిల్ పందొమ్మిదిన కాలవ కట్టేశారండి.
పైనుంచి ఫోనొచ్చింది, షట్టర్లు దించేశాను.
సాయంత్రానికి లాకు అడుగున
బురద, ఒంటి చెప్పు, చేపపిల్లల గిలగిల,
గట్టంతా కొంగలు.
గేజీ బుక్కులో సున్న రాసి సంతకం పెట్టాను.

మరి ఈ ఏడు కుండీల సంగతేంటి?
చూరుకి వేలాడే మూడు బుట్టల సంగతేంటి?
కూతురి పురుడికని నూకరత్నం మండపేట వెళ్ళింది.
బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది:
"నువ్వు వండుకోకపోయినా పర్లేదు,
వాటికి మాత్రం నీళ్ళు."

పదహారు వేల ఎకరాలకి నీళ్ళొదిలే చెయ్యి ఇది.
మగ్గు పట్టుకుని
నాచుపూల ముందు నిలబడిపోయింది,
ఎంతొదలాలో తెలీక.

నేల మీదవి కొంచెం నయం.
వేలాడేవాటికి అన్నివైపులా గాలే,
అన్నివైపులా దాహమే.
అంబాజీపేట కొబ్బరిపీచు బుట్టలు,
లోపల పొట్టు, చెరువు మట్టి, గుప్పెడు పేడ.
పొద్దున్న పోసింది మధ్యాన్నానికి ఎగిరిపోద్ది.
కింద అరచెయ్యి పెట్టి లేపి చూస్తే
ఖాళీ బీడీకట్టంత బరువు.

మొదటివారం అన్నీ తప్పులే.
పన్నెండింటికి పోశాను, ఆకులు ఉడికిపోయాయి.
బోరునీళ్ళు పోశాను, కుండీ అంచున
ఉప్పు తెల్లగా పేరింది,
బిళ్ళగన్నేరు మూతి ముడుచుకుంది.
ఫోన్లో చీవాట్లు:
"వేలు పెట్టి చూడు, రెండో కణుపు దాకా.
తడి తగిల్తే వదిలెయ్.
బుట్టలు దించి బకెట్లో ముంచు,
బుడగలు ఆగేదాకా ఉంచు."
ఉంచాను.
బుడగలు ఆగాయి.
లోపలెవరో మాట్లాడ్డం మానేసినట్టుంది.

కుళాయి రెండ్రోజులకోసారి, అరగంట.
మొదటి బిందె నాకు, రెండోది వాటికి,
బియ్యం కడిగిన నీళ్ళు గులాబీకి.
చిట్టబ్బులు సైకిలాపి నవ్వాడు:
"మా చేలకి లేవంటారు, పూలకున్నాయా లస్కరు గారూ?"
"శివారు ఆయకట్టండీ బాబూ,
ఇప్పటికి వంతొచ్చింది" అన్నాను.

మే పదకొండున
నడిమి బుట్టలో పిగిలిపిట్ట గూడు కనబడింది.
మూడు గుడ్లు, ఎర్రచుక్కలవి.
ఇంక దించలేను. ముంచలేను. పైనుంచి పొయ్యలేను.
నాచుతీగ ఒక పక్కనుంచి
కాగితంలా అయిపోతోంది.
నూకరత్నానికి చెప్పలేదు.

రెండు రాత్రులు ఆలోచించాను,
బిగుసుకుపోయిన షట్టరు గురించి ఆలోచించినట్టు.
మూడోనాడు పాత లుంగీ చించి, ఒత్తిలా పేని,
ఒక కొస చూరు మీది సీసాలో పెట్టి
రెండో కొస గూటికి జానెడు దూరంలో
మట్టి మీదకి వదిలాను.
చుక్క.
లెక్కపెట్టాను.
ఇరవైకి ఇంకో చుక్క.

ఇరవయ్యారేళ్ళుగా లీకులు మూసినవాణ్ణి.
రబ్బరు పట్టీలు, తారు, గోనెముక్కలు,
కారితే మెమో వచ్చే ఉద్యోగం.
ఆ రోజు నా చేత్తో నేనే ఒక లీకు చేశాను.
రాత్రి లేచి టార్చి వేసి చూశాను,
ఆగిపోలేదు కదా అని.

గేజీ బుక్కు చివరి పేజీలో, పెన్సిలుతో:
మే పంతొమ్మిది. కాలవ సున్న. పూలు నాలుగు.
మే ఇరవైమూడు. కాలవ సున్న. పిల్లలు రెండు.
ఒక గుడ్డు అలాగే ఉండిపోయింది.
పూలు ఎనిమిది, పదింటికి విచ్చుకుని
మూడింటికి ముడుచుకున్నాయి.
మండపేటలో మనవరాలు, రెండు కిలోల ఎనిమిదొందలు.

జూన్ ఒకటిన షట్టర్లెత్తాను.
ముందు గుర్రపుడెక్క వచ్చింది,
దాని వెనక నురగ, దాని వెనక నీళ్ళు.
జనం గట్టు మీదకి చేరారు.
చిట్టబ్బులు దోసిలితో తీసి నెత్తిన చల్లుకున్నాడు.
నాలుగడుగుల రెండంగుళాలు అని
ఎర్ర సిరాతో రాశాను.

చీకటి పడ్డాక ఇంటికొస్తే
సీసా ఖాళీ. లుంగీ ఒత్తి కర్రలా ఎండిపోయి ఉంది.
హడావుడిలో నింపడం మర్చిపోయాను.
బిందె పట్టుకుని స్టూలెక్కాను.
తల్లిపిట్ట అరుస్తూ వచ్చింది,
తిన్నగా నా బట్టతల మీదికే.