నీళ్లకు జిరాక్స్

వార్డాఫీసు ఎదురుగా నా కొట్టు.
రేషన్ కార్డులు, కులం సర్టిఫికెట్లు, విడాకుల కాగితాలు,
ఎవరి బతుకైనా నా దగ్గర
రెండు రూపాయలకు రెండోసారి పుడుతుంది.
అర్జీ రాయాలంటే ఇంకో ఇరవై.
మాట్లాడేది మదనపల్లె తెలుగు, రాసేది కన్నడం.
తలకట్లు కాస్త సాగదీస్తే సరిపోతుందనుకుని
బెంగళూరు బస్సెక్కినవాణ్ణి.
కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ మంగళవారం వన్నూరమ్మ వచ్చింది,
చీర మీద పనికోటు విప్పకుండానే,
నాలుగు వీధులు ఊడ్చిన చేతుల్లో ఒక సీసా.
మందుసీసా. లేబులు గీకేసి, మూతకు దారం చుట్టి.
"మా సందు నీళ్లు. రాయి."

రాశాను.
రాజకాలువ లోపలినుంచే మంచినీళ్ల పైపు పోతోందని.
రాజెవరో తెలియదు గానీ
మూడు అపార్టుమెంట్ల మురుగు అందులో దర్జాగా ఊరేగుతోందని.
ఆ ముక్క తర్వాత కొట్టేశాను, అర్జీలో వెటకారం పనికిరాదు.
జాయింటు దగ్గర పైపు కుళ్లిందని,
నీళ్లొచ్చిన పొద్దున మొదటి రెండు బిందెలు పారబోస్తారని,
మూడోదీ పారబోయాల్సిందే గానీ
ఆ తర్వాత నాలుగోది ఉండదని.
సిద్ధేశు, ఆరేళ్లు, పచ్చకామెర్లు.
వాడి చెల్లెలికీ.
మునెమ్మ కోడలికి, ఏడో నెలలో.

ఒకచోట చెయ్యి ఆగింది.
నీరు.
అక్కడా అదే, ఇక్కడా అదే.
అర్జీ మొత్తంలో నేను మార్చాల్సిన పని లేని మాట.

పావుగంటలో తిరిగొచ్చింది.
రుజువేదమ్మా అన్నాడంట ఇంజినీరు.
ఫోన్లో ఫోటో తీస్తే నీళ్లు తేటగా పడ్డాయి.
అది మనుషుల ముఖాలకే పౌడరు పూసే ఫోను.

సీసాను గాజుపలక మీద పడుకోబెట్టింది.
"తీయి."
"ఏం తీయాలి?"
"జిరాక్సు. నీళ్లకు."

నవ్వొచ్చింది, మింగేశాను.
మూత పడదు కదా, పైన తెల్ల తువ్వాలు కప్పాను.
కిందనుంచి వెలుగు మెల్లగా పాకింది,
కాలువ గట్టున టార్చిలైటు పట్టుకుని
ఎవరో ఎవరినో వెతుకుతూ పోయినట్టు.
కాగితం వేడిగా బయటికొచ్చింది.
పొడుగాటి బూడిదరంగు మరక,
అడుగున ఇసకలాంటి చుక్కలు,
ఒక వెంట్రుక.
ఇద్దరం చాలాసేపు చూశాం,
కడుపులో బిడ్డ స్కానింగు చూసినట్టు.

సాయంత్రానికి కొట్టు ముందర వరస.
ఫీడింగు సీసా, ఊరగాయ జాడీ, పసుపు కడిగిన హార్లిక్స్ సీసా,
నలభై మూడు ఇళ్లు.
టోనరు ఖర్చు లెక్కేసుకోలేదని అబద్ధం చెప్పను.
లెక్కేశాను. అడగలేదు, అంతే.
ఒక్కో మరక కింద ఇంటి నంబరు, సంతకమో వేలిముద్రో.
గుండుసూది దిగలేదు, పురికొస కట్టాం.

మర్నాడు ముద్ర పడింది: స్వీకరిసలాగిదె.
ముద్ర వేసిన గుమాస్తా వేళ్లకు నలుపంటింది.
లేచి వెళ్లి కడుక్కున్నాడు.
వాళ్లకు ట్యాంకరు నీళ్లు.

పైపు మార్చారు. అంతా కాదు,
పదకొండు మీటర్లు.
మిగతాది టెండరులో ఉందంటున్నారు,
టెండరు ఎక్కడుందో ఎవరూ అనడం లేదు.

మొన్న మళ్లీ వచ్చింది, అదే సీసా.
తీశాను.
తెల్లకాగితం. సీసా అంచు మాత్రం సన్నగా,
గోటితో గీసినట్టు.
"ఏమీ పడలేదే" అన్నాను.
"పడలేదనే కదప్పా తీయమంది."

దాని మీద తారీఖు వేయించింది.
మడత పడకుండా రెండు చేతులా పట్టుకుని
రోడ్డు దాటింది, దానిక్కూడా ముద్ర కొట్టించడానికి.

పైసందు గంగిరెడ్డి అప్పుడే బండి దిగుతున్నాడు,
చేతిలో ఏదో పచ్చగా ఊగుతోంది.

తువ్వాలు తీసి గాజు తుడిచాను.