పెట్టె మీద రాసిన టైము

పెట్టె మీద చీటీ అంటించి ఉంది:
హవాయి నుంచి చెన్నై.
పదమూడు వేల చిల్లర కిలోమీటర్లు,
విమానాలు మారి, ముప్పై నాలుగు గంటలు.
సోమవారం బయల్దేరినాయంట. దిగింది బుధవారం రాత్రి.
సముద్రం మీద మంగళవారం యాడ జారిపోయిందో
ఎవరూ రాయలేదు.

క్వారంటైన్‌లో ఐదు రోజులు. ఆ లెక్క చీటీలో లేదు.

మళ్లీ సంచులు, నీళ్లు, ఆక్సిజన్, రబ్బరు బ్యాండ్లు.
అర్ధరాత్రి చెంచురామయ్య వ్యాను తీశాడు.
తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట.
గూడూరు దగ్గర వడ్ల లారీ ఒకటి రోడ్డుకడ్డంగా బోర్లాపడి
గంటా నలభై నిమిషాలు.
"విమానానికి గూడూరు తగల్దు గదన్నా" అన్నాడు ఫోన్లో.
సంచుల్లో మిగిలిన గాలిని
నేను ఇక్కడ వేళ్ల మీద లెక్కేసుకుంటా ఉండా.

తెల్లారేలోపు రామాయపట్నం.
సంచి వెంటనే విప్పకూడదు.
తొట్టి నీళ్ల మీద ఊరికే తేలనిచ్చా,
లోపలి చలీ బయటి వెచ్చనా
ఒకదాన్నొకటి అడిగి తెలుసుకునేదాకా.
తర్వాత చెంబుతో, కొంచెం కొంచెం, మన ఉప్పు.

టీ తాగతా అడిగాడు చెంచురామయ్య:
"విమానమెక్కితే చెవులు దిబ్బెళ్లేస్తాయంట, నిజమేనా?"
నాకేం తెలుసు. నేనెక్కితేగా.

తొట్టిలో ఒక తల్లిరొయ్య మీసాలు చాచి
గోడ పొడుగు కొలుస్తా ఉంది.

ఎల్లుండి, గుడ్ల కోసం,
దీని కన్ను ఒకటి నేనే చిదమాల.
చీకటి పెట్టెలో వచ్చింది,
ఇంత దూరంలో అది చూసిందేమీ లేదు.
అయినా
ఏ కన్నో ఎంచుకునేకాడ
ప్రతిసారీ నాకు
ఆలస్యమవతా ఉంది.