పరాయి రేటు

ముప్పై ఒక్క ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను.
కొరిటెపాడు రిజిస్ట్రారాఫీసు ఎదుట
జిరాక్సు మిషనుకీ సోడాబండికీ మధ్య
నా బల్ల.
తండ్రి కొడుక్కి రాసిచ్చిందీ
తమ్ముడి మీద అలిగి అన్న రద్దు చేయించిందీ
పోయే ప్రాణం ఉన్న మొగుడి వేలు పట్టుకుని
రెండో పెళ్లాం వేయించుకుందీ
అన్నీ నా చేతిరాతే.
మనిషికి మనిషి ఏమవుతాడో
నాకు తెలిసినంత ఈ గుంటూర్లో ఎవరికీ తెలీదనుకునేవాణ్ని.

ఆ మంగళవారం ఇద్దరాడాళ్లు వచ్చారు.
వాళ్లకంటే ముందు మిరప ఘాటు వచ్చింది.
స్టాంపులమ్మే పిచ్చేశ్వర్రావు వరసగా మూడుసార్లు తుమ్మాడు.
కోల్డు స్టోరేజీలో తొడిమలు తీస్తారట,
ఒకామె బొంతా దైవకృప,
రెండో ఆమె పులిపాటి వీరనాగులు.
నల్లపాడు దాటాక అరవై గజాలు,
రేకుల గదీ, ఒక మునగచెట్టూ
దైవకృప పేరన ఉన్నాయి.
సగం వీరనాగులుకి రాయమంది.

బంధుత్వం? అన్నాను, పెన్ను మూత తీస్తూ.

"ఇరవై రెండేళ్లుగా ఒకటే పొయ్యి."
పొయ్యికి గడి లేదమ్మా.
అక్కచెల్లెళ్లని రాస్తాను, ఎవడడుగుతాడు?
దైవకృప నా వంక చూసింది,
రాశిలోంచి తాలుకాయ ఏరేసేటప్పటి చూపు.
"అబద్ధాన్ని రిజిస్టరు చేస్తారా సారూ?"

చేస్తాం తల్లీ, రోజుకి పది చేస్తాం.
నోటిదాకా వచ్చింది, మింగాను.

పిచ్చేశ్వర్రావు ఊరుకుంటాడా?
"పెళ్లంటే తాళి, తాళంటే మగాడు, ఇంకా చర్చేంటి?"
కుర్ర ప్లీడరు సాబిర్ సోడా దించి
"ఢిల్లీలో పెద్దకోర్టు తప్పనలేదు బాబాయ్,
మా పని కాదంది, చట్టసభ చూసుకోవాలంది."
"అయితే అది చూసేదాకా ఆగమను.
అయినా నాకెందుకులే,
స్టాంపు నా దగ్గరే కొంటే చాలు."

నాకా? అభిప్రాయానికి రాతకూలి రాదు.
నిజం చెప్పాలంటే నాకూ కాస్త ఎబ్బెట్టుగానే ఉంది.
ఫీజుల పట్టిక చూశాక
అంతకంటే ఎబ్బెట్టుగా అనిపించింది.
బంధువుకిస్తే ఒక రేటు,
పరాయివాళ్లకిస్తే దానికి రెట్టింపు పైన.
మునగచెట్టుకి గొంగళిపురుగులు పట్టిన ఏడు
రాత్రంతా ఒకరి వీపుకొకరు సున్నం రాసుకున్నారట.
పరాయివాళ్లు.

రాశాను.
'నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత
ఎవరి ప్రోద్బలమూ లేక...'
ముప్పై ఒక్క ఏళ్లుగా చెయ్యి దానంతటదే రాసుకుపోయే మాట.
ఆ పూట అక్కడ ఆగింది.
మళ్లీ కదిలింది.
తూర్పు: బజారు.
దక్షిణం: షేక్ మౌలాలీ గారి దడి.
పడమర: రైలుకట్ట.
ఉత్తరం: మురుగుకాలువ.

లోపల వేలిముద్రల మిషను
దైవకృపని గుర్తుపట్టలేదు.
అన్నేళ్లు తొడిమలు గిల్లిన వేలికి
గీతలేం మిగులుతాయి?
ఎర్రలైటు. మళ్లీ ఎర్రలైటు.
"గుర్తించడం లేదమ్మా, రేపు రండి" అన్నాడు గుమాస్తా.
వీరనాగులు జరిగి వచ్చి
ఆ బొటనవేలిని కొంగుతో తుడిచింది,
నోటి ఆవిరి ఊదింది,
అద్దం మీద పెట్టి
పైన తన వేలు వేసి అదిమింది.
పచ్చలైటు.

పరాయి రేటే కట్టారు.
నలిగిన యాభైలు, ఇరవైలు, రెండుసార్లు లెక్కపెట్టి.
నా రాతకూలి ఎనిమిదొందలూ తీసుకున్నాను.
తీసుకోకపోతే బాగుండేదేమో. ఏమో.

బంధుత్వం గడిలో
'లేదు' అని రాసింది నేనే.

రాత్రి అన్నం కలుపుతుంటే వేళ్లు మండాయి.
నేను ముట్టుకుంది వాళ్ల కాగితాలనే.
"కూరలో కారమెక్కువైందా?" అంది మా ఆవిడ.