అద్దెలో మూడు గంటలు

కంచరపాలెం గేటు దాటి, బర్మా క్యాంపు వైపు
రెండో సందులో మా ఇల్లు.
ఇల్లంటే పది గదులు, రెండు బాత్రూములు, ఒక వంటగది.
వంటగదిలో ఎవరి ఉప్పు డబ్బా వాళ్లది.

అద్దె పద్దెనిమిది వందలు,
ఆ పైన వారానికి మూడు గంటలు.
"ఏదో ఒకటి నేర్పాల, ఏదో ఒకటి నేర్సుకోవాల.
అదీ అద్దెలో లెక్కే బాబూ" అంది నూకరత్నం మామ్మ
తాళంచెవి ఇంకా నా చేతిలో పెట్టకుండానే.

నాకేం వచ్చు?
టెక్కలి నుంచి డీయెస్సీ పుస్తకాల సంచితో దిగినవాణ్ణి,
రెండుసార్లు తప్పినవాణ్ణి.
గట్టిగా వచ్చినవి అఆఇఈలే అన్నాను.
"అవే సెప్పు."

మేడ మీద, నీళ్ల టాంకు పక్కన
ఊడిపోయిన తలుపే మాకు నల్లబల్ల.
పోర్టు నుంచొచ్చే బొగ్గుపొడి
దానికి రోజూ ఉచితంగా రంగేస్తుంది,
ఆరేసిన బట్టలక్కూడా.

షిప్‌యార్డు వెల్డరు గుర్నాథం
యాభై మూడేళ్లకి సంతకం నేర్చుకుందామని వచ్చాడు.
గజనీ నుంచి మాసూమా.
ఢిల్లీ ఆఫీసు ఇచ్చిన కార్డు ఆమెకి
పాలిథిన్ కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో.
ఆ వారం డబ్బుల్లేక ఇద్దరికీ ఒకటే నోట్‌బుక్.
ఆయన ముందు అట్ట నుంచి,
ఆమె వెనకట్ట నుంచి. వాళ్ల పుస్తకాలు అలాగే తెరుచుకుంటాయట.
"నడి మద్దిన ఎక్కడో కలుస్తాం లెండి" అని ఆయన నవ్వితే
ఆమె అర్థంకాక తలూపింది.

ఆమె అక్కడ లెక్కల టీచరని తర్వాత తెలిసింది.
నేను రెండుసార్లు మునిగిన సంభావ్యతని
గిన్నెలో శెనగలూ బఠాణీలూ కలిపి
కళ్లు మూసుకుని తియ్యమంది.
హిందీ కొంచెం, తెలుగు కొంచెం, శెనగలు ఎక్కువ.
బడిలో నిలబడ్డానికి ఆమెకి కాగితం లేదు.
నా దగ్గర కాగితాలు సంచెడు.
ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.
శెనగలు మాత్రం తినేశాం.

కింది గదిలో తాందా ఎవరితోనూ మాట్లాడేది కాదు.
మాండలే దగ్గర ఊరు. ఇప్పుడు ఊరుందో లేదో.
నేను తలుపు మీద 'ఠ' రాసిన రోజు
మెట్ల దాకా వచ్చి, వేలితో గాలిలో సున్నా చుట్టి
"మావీ" అంది.
మామ్మ కందిపప్పు చేట కింద పెట్టేసింది.
"తమిన్ సా పీ బీ లా?"
అన్నం తిన్నావా అని.
అరవై ఏళ్ల కింద రంగూన్ ఓడలో వదిలేశాననుకున్న మాట
ఇన్నాళ్లూ ఏ దవడ కింద దాక్కుందో!
తాందా జవాబు చెప్పలేదు, పిట్టగోడకి జారబడి ఏడ్చింది.
చెప్పినా మామ్మకి తెలిసేది కాదు,
ఆ ఒక్క మాట తప్ప బర్మా అంతా మర్చిపోయింది.

ఎదురింటివాళ్లు స్టేషన్లో అర్జీ పెట్టారు.
కానిస్టేబుల్ వచ్చి గదులు లెక్కపెట్టాడు.
"వీళ్లంతా ఎవరు?"
"అద్దెకున్నోలు. నానూ వచ్చినదాన్నే బాబూ.
మేం ఓడ దిగిననాడు మీ తాత లెక్కెట్టుంటాడు, సూసుకో."
అతను టీ తాగి, అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.
చింపలేదు.

మొన్న సమతా ఎక్స్‌ప్రెస్‌కి మాసూమా వెళ్లింది.
ఢిల్లీలో ఇంటర్వ్యూ, నాలుగోసారి మారిన తేదీ.
తిరిగొస్తుందో, ఏ దేశమైనా పిలుస్తుందో.
ఉప్పు డబ్బా అయితే తీసుకెళ్లలేదు.

గుర్నాథానికి సంతకం వచ్చేసింది, ఇక రానక్కర్లేదు.
అయినా గురువారం మేడెక్కి
నోట్‌బుక్ మధ్యలో తెల్లకాగితాలు లెక్కపెట్టాడు. పదకొండు.
"ఐదు నావి, ఐదు ఆవిడవి. ఇదెవరిది మాస్టారూ?"

నేను చెప్పేలోగా కింద నుంచి మామ్మ,
"బట్టలు తియ్యండర్రా,
పోర్టు గాలి ఇటు తిరిగింది!"