రెండుసార్లు తడితే

కార్పెట్ పీకేసిన రోజు
గ్లెనిస్ చక్రాల కుర్చీలో కూర్చుని అంతా చూసింది.
ముప్పై ఏళ్ల దుమ్ము, చచ్చిపోయిన కుక్క వెంట్రుకలు,
ఎప్పుడో పారేసుకున్న చెవికమ్మ ఒకటి.
కమ్మని నా చేతిలోంచి ఎడమచేత్తో లాక్కుని
ఒళ్లో వేసుకుంది.
తుప్పు మేకులు మాత్రం నా వాటా,
మోకాళ్ల మీద, ఒక్కొక్కటీ.

నేను బస్సు డ్రైవర్ని.
గీవ్‌స్టన్ నుంచి హ్యూన్‌విల్‌కి
ఇరవయ్యారేళ్లు బడిపిల్లల్ని మోశాను.
వడ్రంగం ఆమెది.
ఈ లోయలో సగం వంటగదుల అలమరలు
ఆమె కుడిచేతిలో పుట్టినవే.
ఆ చెయ్యి ఇప్పుడు దిండు మీద పడుకుని ఉంటుంది,
ఎవరో మర్చిపోయి వెళ్లిన చెయ్యిలా.
మాటలూ చాలావరకు పోయాయి.
మిగిలిన నాలుగైదింటిలో నా పేరు లేదు.
“రంపం” ఉంది.

కార్పెట్‌లో చక్రాలు దిగబడేవి.
అందుకే ఈ చెక్క నేల.

టాస్మేనియన్ ఓక్, పేరుకే ఓక్,
జాతికి మన కొండమీది యూకలిప్టస్సే.
డర్క్ ట్రక్కులో తెచ్చి హాల్లో దింపాడు.
అప్పుడే మొదలెట్టేద్దామని చేతులు మడిచాను.
టక్ టక్.
చేతికర్ర ఒకసారి తడితే సరే,
రెండుసార్లు తడితే కాదు.
మా ఇంటి వ్యాకరణం ఇప్పుడు అంతే.
రెండు వారాలు పలకలు అలాగే పడుకున్నాయి
మొహమాటపు చుట్టాల్లా,
మా పొయ్యి వేడికీ జులై చలికీ అలవాటు పడుతూ.
వాటిని దాటుకుంటూ టీ మోశాను.

మొదటి వరస గోడకి ఆనించబోయాను.
టక్ టక్.
చిటికెనవేలు అడ్డంగా పెట్టి చూపించింది:
అంత జాగా.
కోసినా, ఎండబెట్టినా చెక్క ఊపిరి మానదు,
వానలకి ఒళ్లు చేస్తుంది,
చోటు దొరక్కపోతే నడుమెత్తి లేస్తుంది.
పైన అంచుపట్టీ కొట్టాక
ఆ సందు ఎవరికీ కనపడదు,
అయినా ఉండాలి.
మాకు పెళ్లై ముప్పై ఎనిమిదేళ్లు.
ఈ సంగతి నాకు ముందెవరూ చెప్పలేదు.

ప్రతి పలకకీ ఒక పక్క నాలుక, ఒక పక్క గాడి.
దీని నాలుక దాని గాడిలో పడాలి,
పడేదాకా సుత్తి.
నాలుక మీదే ఏటవాలుగా మేకు,
పైకి కనపడకుండా.
నా మొదటి మేకు నాలుకని నిలువునా చీల్చింది.
నేను ఆమె వైపు చూడలేదు.
కర్ర కదల్లేదు.

మూడో వరసలో, ఆమె కునుకు తీస్తున్నప్పుడు,
రెండు అతుకులు ఒకే చోట పడ్డాయి.
పడకూడదు. దూరం దూరంగా ఉండాలి,
అది నాకూ తెలుసు.
కానీ నడుము విరిగిపోతోంది,
కిటికీ అవతల పాడీమెలన్ ఒకటి
మంచు పట్టిన గడ్డి నములుతూ
నన్నే చూస్తోంది.
మేకు దించేసి ముందుకి జరిగాను.

చివరి వరస వెడల్పు సరిపోలేదు.
పలకని నిలువుగా చీరాలి.
“రంపం” అంది, గట్టిగా, వంటింట్లోకి వినపడేలా.
పలక ఒళ్లో పెట్టించుకుని, నన్ను గోడ కొలవమని,
ఎడమచేత్తో పెన్సిల్ పట్టి గీసింది.
గీత పాములా వచ్చింది.
ఏమీ అనకుండా
దాని మీదే కోశాను, పెదవి కొరుక్కుంటూ.
ఇట్టే కూర్చుంది.
వంకర గీతది కాదు,
గోడది.

ఆదివారం డర్క్ వచ్చి కుర్చీ గడప దాటించాడు.
ఆ తర్వాత ఆమే ఒంటిచేత్తో తోసుకుంది.
చక్రాలకి నేల మీద ఇంత చప్పుడుంటుందని
నాకు తెలియదు,
దూరంగా బస్సు వస్తున్నట్టు.
పొయ్యి దాకా వెళ్లింది, తిరిగింది,
మూడో వరస దగ్గర ఆగింది.
టక్ టక్.

షెడ్డులోకి వెళ్లి గునపం తెచ్చాను.
మోకాళ్ల మీద కూలబడ్డాను.
ఆమె చక్రం ఆ అతుకు మీదే ఉంది.
జరగమన్నాను.
జరగలేదు.
ఎడమ చెవికి ఆ పాత కమ్మ,
కుడి చెవి బోసిగా.
మళ్లీ అడిగాను.
కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకుని
కిటికీలోంచి గడ్డి కేసి చూస్తోంది.